కూలి పని చేసే ఊళ్లలో ఊబకాయం ఎందుకు పెరుగుతోంది?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను. మీ ఊరు కోనసీమలో ఉంది. మీ అమ్మగారికి 48 ఏళ్లు, ఎత్తు అయిదడుగులు, బరువు 71 కిలోలు. ఇంటికొచ్చిన ఏఎన్‌ఎం నడుం కొలిచి 94 సెంటీమీటర్లు అని రాసుకుని, విలేజ్ క్లినిక్‌కు రమ్మన్నారు. ఆవిడేమో "పొద్దున లేచిన దగ్గర్నుంచి పనిలోనే ఉంటాను, తినేది కూడా తక్కువే, నాకు ఊబకాయం ఏమిటి" అని వెళ్లలేదు. మీ సందేహం ఇదీ: సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత, ఎక్కడ చూసినా బక్క పిల్లలు ఉన్న, వ్యవసాయం మీద బతికే రాష్ట్రంలో ఊబకాయం ప్రజారోగ్య సమస్య అంటే నమ్మేదెలా? అది పట్నంలో కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల జబ్బు కాదా? చివర్లో బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు.

నేను గోదావరి జిల్లాల్లో పీహెచ్‌సీ డాక్టరుగా, ఆ తర్వాత బీపీ, షుగర్ నియంత్రణ కార్యక్రమంలో చాలా ఏళ్లు పనిచేశాను. మీ అమ్మగారు అన్నమాట ప్రతి ఊళ్లోనూ విన్నాను. అది అబద్ధం కాదు. ఆవిడ పని చేస్తున్నారు, తక్కువ తింటున్నానని నిజంగానే అనుకుంటున్నారు. అయినా నడుం 94 ఉంది. ఆవిడను తప్పుపట్టకుండా ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో అర్థం చేసుకుంటే మీ మిగతా ప్రశ్నలకు కూడా జవాబు దొరుకుతుంది.

ముందు లెక్కలు చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతను ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేశారు, అంటే కరోనాకు ముందే. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 25 దాటినవాళ్లు, అంటే ఉండాల్సిన దానికంటే బరువు ఎక్కువున్నవాళ్లు, 36.3 శాతం. నాలుగేళ్ల ముందు జరిగిన సర్వేలో అది 33.2. మగవాళ్లలో 31.1. దేశం మొత్తం మీద ఆడవాళ్ల సగటు 24 శాతమే. ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసింది మరో అంకె. మన రాష్ట్రంలో పల్లెటూరి ఆడవాళ్లను విడిగా తీసి చూస్తే దాదాపు మూడో వంతు మంది బీఎంఐ 25 దాటి ఉన్నారు. దేశంలోని పట్టణ మహిళల సగటు 33.2 శాతం. అంటే ఆంధ్రాలో ఓ పల్లెటూరి గృహిణి, దేశంలో ఓ నగరవాసి, ఈ విషయంలో ఇద్దరూ ఒకే వరసలో ఉన్నారు. దేశంలోని పల్లెల సగటు 20 శాతం లోపే. మన పల్లెలు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి. తెలంగాణలో రెండు సర్వేల మధ్య మగవాళ్ల అంకె నాలుగో వంతు దగ్గర నుంచి మూడో వంతు దగ్గరకు చేరింది.

అదే సర్వేలో మన రాష్ట్రంలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు 58.8 శాతం. మీరన్న రెండు సమస్యలూ ఉన్నమాట నిజమే. అయితే లావు వాళ్లు ఒక గుంపు, రక్తం తక్కువవాళ్లు ఇంకో గుంపు కాదు. చాలాసార్లు ఇద్దరూ ఒకే మనిషి. 71 కిలోల మనిషికి హిమోగ్లోబిన్ 9 మాత్రమే ఉండడం మా దగ్గర మామూలు విషయం. కడుపు నిండుతోంది కానీ ఆ కంచంలో ఇనుము, ప్రొటీన్ లేవు. మీ అమ్మగారికి కూడా ఆ పరీక్ష చేయించండి. ఎప్పుడూ నీరసంగా ఉండే మనిషిని "నడువు, నడువు" అంటే నడవలేదు.

ఇది కొత్తగా పుట్టిన సమస్య కూడా కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో, దాదాపు లక్షా 80 వేల జనాభాలో, ఒక ఏడాదిలో ఎవరెవరు ఎందుకు చనిపోయారో ఇంటింటికీ వెళ్లి అడిగి లెక్క తీశారు. దాదాపు మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల వచ్చినవే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. పల్లె అంటే విరేచనాలు, మలేరియా, క్షయ అనుకుని ఆసుపత్రులను నడుపుతున్న రోజుల్లో వచ్చిన ఫలితం అది. ప్రపంచం మొత్తం మీద చూసినా ఇదే దారి. 1985 నుంచి 2017 వరకు సగటు బీఎంఐలో వచ్చిన పెరుగుదలలో సగానికి పైగా వాటా పల్లెలదేనని 2019లో నేచర్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. అమెరికాలో కూడా ఊబకాయం ఎక్కువగా ఉన్నది న్యూయార్క్‌లో కాదు, వెస్ట్ వర్జీనియా, మిసిసిపీ లాంటి గ్రామీణ రాష్ట్రాల్లో. అక్కడ బీఎంఐ 30 దాటిన పెద్దవాళ్లే 40 శాతం పైగా ఉన్నారు.

ఇక ఎందుకు అన్న విషయానికి వస్తాను. మన దగ్గర తిండి మారడం కంటే ముందు పని మారింది.

మీ అమ్మమ్మ రోజుల్లో ఒక ఆడమనిషి దినచర్య గుర్తు చేసుకోండి. వడ్లు దంచడం, తిరగలి విసరడం, చెరువు నుంచి నీళ్లు మోయడం, పుల్లలు ఏరుకురావడం, పేడ ఎత్తడం. ఇవన్నీ అయ్యాక పొలానికి వెళ్లి ఊడ్పులు, కలుపు, కోత, నూర్పు. ఇప్పుడు రైసు మిల్లు, మిక్సీ, కుళాయి, గ్యాసు వచ్చాయి. రావాల్సినవే, ఆ చాకిరీ తిరిగి రావాలని ఎవరూ కోరుకోకూడదు. పొలంలో కలుపు మందు వచ్చింది. వెదజల్లే పద్ధతి వచ్చి చాలాచోట్ల నాట్లు తగ్గాయి. కోత మిషన్ ఎకరం పొలాన్ని చూస్తుండగానే కోసేస్తుంది. భీమవరం చుట్టుపక్కల వరి చేలు రొయ్యల చెరువులైపోయాయి. చెరువు కాపలాకు ఒక మగమనిషి చాలు, అంతకుముందు ఆ పొలంలో దిగిన ఆడకూలీలకు అక్కడ పని లేదు. ఉపాధి హామీ పని ఉన్నది ఏడాదిలో కొన్ని రోజులే. మగవాళ్లు పొలం గట్టుదాకా మోటారు సైకిల్ మీదే వెళ్తున్నారు.

పని అంత తగ్గినా అన్నం మాత్రం అంతే ఉంది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు ఉంటాయి. మన జిల్లాల్లో పెద్దవాళ్లు రోజుకు అరకిలో బియ్యం తినడం ఒకప్పుడు మామూలు. అంటే అన్నంలోంచే 1,750 కేలరీలు. నాట్లు వేసే మనిషికి అది ఇంధనం. ఇంట్లోనే నిలబడి, వంగి, తిరుగుతూ పని చేసే 48 ఏళ్ల మనిషికి రోజు మొత్తానికి కావలసిన శక్తి దాదాపు అంతే. మీ అమ్మగారు "పనిలోనే ఉంటాను" అనడంలో తప్పులేదు. ఆవిడకు విశ్రాంతి లేని మాట నిజం. కానీ ఇంటిపని ఒంటిని అలసటకు గురిచేసినంతగా కేలరీలను ఖర్చు చేయదు. ఈ తేడా చెప్పకుండా "మీరు ఒళ్లు వంచడం లేదు" అనే డాక్టరు మాటను ఏ ఆడమనిషీ నమ్మదు, నమ్మకూడదు కూడా.

కొందరు ఇక్కడ తప్పంతా రేషన్ బియ్యం మీద వేస్తారు. నేను ఒప్పుకోను. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక ఈ రాష్ట్రంలో ఆకలితో పడుకునే ఇళ్లు తగ్గాయి. అది చూసిన తరానికి ఆ మాట చులకనగా అనాలనిపించదు. పైగా మనిషికి నెలకు 5 కిలోలంటే రోజుకు 170 గ్రాములు కూడా కాదు, అంత బియ్యంతో ఎవరూ లావెక్కరు. చిక్కంతా ఆ బియ్యం పక్కన ఏం పెట్టలేదన్న దాంట్లో ఉంది. చౌకగా, ఖాయంగా దొరికేది బియ్యం ఒక్కటే అయినప్పుడు, కందిపప్పు ధర బియ్యం ధరకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడు, కంచంలో అన్నం గుట్టగా, పప్పు చెంచాడుగా మిగులుతుంది. రాయలసీమలో సంగటి, తెలంగాణలో జొన్న రొట్టె, ఏజెన్సీలో సామ, కొర్ర తినేవాళ్లు కూడా బియ్యానికి మారారు. అక్కడ నీళ్లు లేని నేలలో పండే పంటకు మార్కెట్ లేకుండా పోయింది, బియ్యం మాత్రం ఇంటికొచ్చింది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజు తిండిలో బియ్యం, గోధుమ లాంటి ధాన్యాల వాటా కేలరీల్లో 45 శాతానికి మించకూడదని, మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉందని అందులో చెప్పారు. వాళ్లు చూపించిన నమూనా కంచంలో రోజుకు 2,000 కేలరీలకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, చేపలు, మాంసం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. ఈ కొలతలను మీ ఊరి కిరాణా కొట్టు ధరలతో లెక్కేసి చూడండి. నలుగురున్న ఇంట్లో రోజుకు కిలోన్నర కూరగాయలు, 300 గ్రాములకు పైగా పప్పు. కూలీ ఇంటికి అది ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. అందుకే ఇది తిండిపోతుతనం సమస్య కాదు, ధరల సమస్య అని నేను ఎక్కడైనా చెబుతాను.

నూనె సంగతి కూడా చెప్పాలి. గానుగ నూనె ఖరీదుగా, కొద్దిగా వాడే రోజుల నుంచి, ప్యాకెట్‌లో చౌకగా దొరికే పామాయిల్ రోజులకు వచ్చాం. గ్రాముకు 9 కేలరీలు ఇచ్చే వస్తువు చౌకైపోవడం చిన్న మార్పు కాదు. సాయంత్రం ప్రతి సెంటర్లోనూ పునుగులు, బజ్జీలు, నూడుల్స్ బండి, బడి ముందు 5 రూపాయల ప్యాకెట్లు, చుట్టాలొస్తే కూల్ డ్రింక్. ఒక గుడ్డు కంటే చిప్స్ ప్యాకెట్ చౌకగా దొరికే ఊళ్లో పిల్లలను మందలించి లాభం లేదు. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మార్చినప్పుడు కూల్ డ్రింకుల మీద 40 శాతం పన్ను ఉంచి, కారప్పూస రకాలు, బిస్కెట్లు, చాక్లెట్లు, ఇన్‌స్టంట్ నూడుల్స్ మీద మాత్రం 5 శాతానికి తగ్గించారు. ఇంటి ఖర్చు తగ్గుతుందని సంతోషించవచ్చు. ఆరోగ్యం వైపు నుంచి చూస్తే ఆ రెండో సగం నాకు బాధ కలిగించింది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, మామూలుగా ఎవరూ చెప్పనిది. మన ఒళ్లు కొవ్వును దాచుకునే తీరే వేరు. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తన ఫొటోను, లండన్‌లోని తన మిత్రుడు డాక్టర్ యూడ్కిన్ ఫొటోను పక్కపక్కనే వేశారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. యూడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నగానే ఉన్నా మనకు కొవ్వు ఎక్కువ, కండ తక్కువ, అది కూడా పొట్ట చుట్టూ. పుణె పక్క పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్ పిల్లలతో పోల్చినప్పుడు మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5. మన పసివాళ్లలో కండ, అవయవాలు చిన్నవి, కానీ చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు వాళ్లతో సమానంగా ఉంది. కడుపులో ఉండగా తిండి చాలని బిడ్డ ఒళ్లు, దొరికిన దాన్ని దాచుకోవడానికే అలవాటుపడుతుంది. ఆ బిడ్డ పెద్దయ్యాక కేలరీలకు కరువు లేని రోజుల్లోకి వస్తే షుగర్, బీపీ త్వరగా పట్టుకుంటాయి.

మీ అమ్మగారు పుట్టింది 1970ల చివర్లో. ఆవిడ కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మమ్మగారు ఎంత తిన్నారో, నెలలు నిండేదాకా ఏ పొలంలో నాట్లు వేశారో అడిగి చూడండి. బక్క పిల్లలు ఉన్న చోట ఊబకాయం ఏమిటని అడిగారు కదా, బక్క పిల్లలు ఉన్నందుకే అది ఇంత వేగంగా, ఇంత తక్కువ బరువుకే జబ్బుగా మారుతోంది.

దీనికి మన నేల మీద దొరికిన ఆధారం కూడా ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో కొన్నిటిలో గర్భిణులకు, చిన్న పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం ఇచ్చారు, మిగతావాటిలో ఆ కార్యక్రమం అప్పటికి రాలేదు. ఆ పిల్లలకు పదిహేను, పదహారేళ్లు వచ్చాక వెళ్లి పరీక్షిస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. ఒంట్లో కొవ్వు తేడా లేదు. ఇన్సులిన్ పనిచేసే తీరు, రక్తనాళాల మెత్తదనం మాత్రం వాళ్లలో మెరుగ్గా ఉన్నాయి. అంగన్‌వాడీలో గర్భిణికి, పసిబిడ్డకు అందే ఆహారం పదిహేనేళ్ల తర్వాత కూడా ఆ బిడ్డకు మేలు చేస్తోందన్నమాట. ఊబకాయం మీద ప్రభుత్వం పెట్టాల్సిన డబ్బులో పెద్ద భాగం అక్కడికే వెళ్లాలని నా గట్టి నమ్మకం.

ఆడవాళ్లలోనే ఎక్కువ ఎందుకన్నది విడిగా చెప్పాలి. మా దగ్గరికి వచ్చే ప్రతి ఇద్దరిలో ఒకరు "ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి లావెక్కానండీ" అంటారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి ఆ మాట. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆ ఆపరేషన్ అయింది, అది కూడా చాలామందికి పాతికేళ్లు నిండేలోపే. ఆపరేషన్‌లో గర్భనాళాలను కట్టేస్తారు తప్ప అండాశయాలను ముట్టుకోరు, హార్మోన్లు మారవు, దానివల్ల లావు రాదు. అయితే వాళ్లు చెప్పే కాలం మాత్రం సరిగ్గానే ఉంటుంది. వెంటవెంటనే రెండు కాన్పులు, కాన్పులో పెరిగిన బరువు తగ్గేలోపే రెండో బిడ్డ, బాలింతకు నెయ్యి అన్నం పథ్యం, కూరగాయలు వద్దనడం, ఆపరేషన్ తర్వాత నెలల తరబడి "బరువు పని చేయకు" అనడం. ఇవన్నీ కలిసి పాతికేళ్ల వయసులో ఏడెనిమిది కిలోలు పెంచి వదిలేస్తాయి. ఆ తర్వాత బరువు ఏడాదికి అరకిలో చొప్పున పెరిగినా 48 ఏళ్లకు మీ అమ్మగారి అంకె వస్తుంది. అందుకే నన్నడిగితే బరువు గురించి మాట్లాడాల్సిన మొదటి వయసు నలభై కాదు, కాన్పు తర్వాతి ఏడాది. పిల్లకు టీకాలు వేయించడానికి ఆ ఏడాదిలో తల్లి మా దగ్గరికి చాలాసార్లు వస్తూనే ఉంటుంది. అదే రోజు ఆవిడ బరువు కూడా చూడవచ్చు. మా రికార్డుల్లో ఆ గడి ఉండదు.

"తినేది తక్కువే" అన్నదాని వెనక కూడా ఒక సంగతి ఉంది. చాలా ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ వడ్డించాక చివర్లో తింటారు. అప్పటికి పప్పు, కూర, చేపముక్క అయిపోయి ఉంటాయి. మిగిలినది అన్నం, పచ్చడి, మజ్జిగ. పారేయలేక ఇంకో ముద్ద. మధ్యలో మూడు నాలుగుసార్లు చక్కెర వేసిన టీ, పిల్లలు వదిలేసిన బిస్కెట్. శనివారం ఒక్కపొద్దు అంటారు, ఆ పూట అన్నం మానేసి నూనెతో వేసిన అట్లు, ఉప్మా తింటారు. షుగర్ ఉందనగానే రాత్రికి చపాతీకి మారతారు, నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు. వాళ్ల దృష్టిలో వాళ్లు నిజంగానే తిండి తగ్గించారు.

సరే, ఏం చేయాలి? మందలింపు పనిచేయదు. ఒళ్లు చేసినవాళ్లను వెక్కిరించే ఊళ్లో బరువు తూచే మిషన్ ఎక్కడానికి ఎవరూ ముందుకు రారు. ఆసుపత్రిలో మా సిబ్బంది కూడా అలా నవ్విన సందర్భాలు చూశాను, అలాంటప్పుడు గట్టిగా ఆపాను.

విలేజ్ క్లినిక్ స్థాయిలో చేయగలిగింది చాలా ఉంది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపే ఫారంలో నడుం కొలతకు మార్కులుంటాయి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు సున్నా, 90 దాకా ఒకటి, ఆపైన రెండు. మగవాళ్లకు ఇవే గీతలు 90, 100. పొగాకు, మద్యం, వ్యాయామం, ఇంట్లో బీపీ, షుగర్ చరిత్ర, వయసు అన్నీ కలిపి 4 దాటితే పరీక్షకు మొదట వాళ్లనే పంపాలి. మంచి పద్ధతే, కానీ టేపును చీర కుచ్చిళ్ల మీదుగా కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో, ఊపిరి వదిలాక, పలుచటి బట్ట మీద కొలవాలి. మీ అమ్మగారి కొలత మళ్లీ ఒకసారి అలా తీయించండి. ఫారం నింపాక ఏం జరుగుతుందన్నదే పెద్ద లోటు. బీపీ, షుగర్ ఉంటే మాత్రలిస్తాం. ఏ జబ్బూ ఇంకా రాని, నడుం 94 ఉన్న మనిషికి ఇవ్వడానికి క్లినిక్‌లో "తగ్గండి" అన్న మాట తప్ప ఏమీ ఉండదు. అక్కడ డ్వాక్రా సంఘాలు పనికొస్తాయి. ఒక్క ఆడమనిషి సాయంత్రం రోడ్డు మీద నడిస్తే "ఎక్కడికమ్మా" అని పదిమంది అడుగుతారు, కుక్కలు, ఇసుక లారీలు సరేసరి. పదిమంది కలిసి నడిస్తే ఎవరూ అడగరు. నేను పనిచేసిన ఊళ్లలో కొనసాగిన నడకలన్నీ సంఘాల నడకలే. డాక్టరు చెప్పాడని ఒంటరిగా మొదలుపెట్టినవి ఎక్కువ కాలం నిలవలేదు.

ప్రభుత్వం చేయాల్సిన పెద్ద పని రేషన్ డిపోలో ఉంది. బియ్యం తగ్గించమని నేను అనను. దానితోపాటు కందిపప్పు ప్రతి నెలా, తప్పకుండా, కూలీ ఇల్లు కొనగలిగే ధరకు రావాలి. కొన్ని నెలలు ఇచ్చి కొన్ని నెలలు ఆపితే వంట అలవాటు మారదు. రాయలసీమలో రాగులు, జొన్నలు పండించే రైతు దగ్గర కొని అదే జిల్లాలో ఇస్తే ఇద్దరికీ మేలు. బడిలో గుడ్డు, రాగి జావ పెట్టడం మంచి పని, అది ప్రభుత్వాలు మారినా ఆగకూడదు. సంక్షేమ హాస్టల్ మెనూలో కూరగాయల ఖర్చు విడిగా రాయాలి, లేకపోతే సాంబారులో కలిసిపోతుంది.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. బీఎంఐ 30 దాటింది. మనవాళ్లకు 23 దగ్గరే జాగ్రత్త మొదలుపెట్టాలని, 25 దాటితే ఊబకాయంగానే చూడాలని మన దేశ నిపుణులు 2009లోనే చెప్పారు. ఆవిడను వెంటనే చూపించండి, భయపెట్టి మాత్రం కాదు. బీపీ, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్), కొలెస్టరాల్, హిమోగ్లోబిన్, కాలేయం పరీక్షలు, ఒకసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష. థైరాయిడ్ వల్లే లావు అని చాలామంది అనుకుంటారు. పరీక్షలో తేలితే మాత్ర వేసుకోవాలి, కానీ దానివల్ల వచ్చే బరువు సాధారణంగా కొద్ది కిలోలే. రాత్రి గురక పెట్టి ఉలిక్కిపడి లేస్తున్నారా, మోకాళ్లు నొప్పా అన్నది డాక్టరుకు మీరే చెప్పండి, ఆవిడ చెప్పరు.

లక్ష్యం మొదటి ఆరు నెలలకు మూడున్నర కిలోలు చాలు, అంటే ఒంటి బరువులో 5 శాతం. ఆ మాత్రానికే బీపీ, షుగర్, మోకాలి నొప్పి తగ్గడం మేం చూస్తుంటాం. అన్నం మానమనవద్దు, మానరు, మానక్కర్లేదు. ఇప్పుడు తినేదాంట్లో మూడో వంతు తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, గుడ్డు, చేప, తోటకూర, దొండ, బీర, ఏది పెరట్లో ఉంటే అది పెట్టాలి. కూర ముందు, అన్నం తర్వాత. అందరితో కలిసి కూర్చుని తినాలి, చివర్లో కాదు. ఇది మీ నాన్నగారు, మీరు పూనుకుంటే తప్ప జరగదు. నూనె మనిషికి నెలకు అర లీటరు అని కొలిచి, నెల మొదట్లోనే వేరే డబ్బాలో పోసి పెట్టండి. టీలో చక్కెర సగానికి, ఆపైన సున్నాకు. ఊరగాయ రోజూ వద్దు. నడక రోజుకు అరగంట, మోకాళ్లు నొప్పి ఉంటే పది నిమిషాల చొప్పున మూడుసార్లు. కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చోవడం రోజుకు రెండుసార్లు చేయించండి, తొడ కండకు అది మంచి మందు.

బరువు తగ్గకపోయినా నిరాశపడవద్దు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్నవాళ్లతో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి, నడక మార్చుకున్నవాళ్లకు షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. వాళ్ల సగటు బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిషన్ మీద అంకె కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుందని ఆవిడకు మీ నోటితో చెప్పండి.

ఫోన్‌లో చూసి అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, వెన్న తాగే పద్ధతులు మొదలుపెట్టవద్దు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు అలా చేసి స్పృహ తప్పి మా దగ్గరికి వచ్చారు.

ఇంజెక్షన్ల గురించి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. వారానికి ఒకసారి చర్మం కింద చేసుకునేవి. అవి పనిచేస్తాయి, ఆకలి తగ్గిస్తాయి, అధ్యయనాల్లో సగటున 15 శాతం, అంతకంటే ఎక్కువ బరువు తగ్గింది. షుగర్ ఉన్నవాళ్లకు షుగర్ కూడా దిగుతుంది. కానీ ఆపేస్తే తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది, అందుకని ఏళ్ల తరబడి వాడే స్తోమత ఉందా అన్నది ముందే ఆలోచించాలి. వాంతులు, మలబద్ధకం ఉంటాయి. పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు అరుదుగా రావచ్చు. ప్రొటీన్ సరిగ్గా తినని మనిషి వాడితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, అసలే కండ తక్కువ ఉన్న మన ఆడవాళ్ల విషయంలో నాకున్న పెద్ద బెంగ అదే. మీ అమ్మగారికి ముందు పైన చెప్పిన పరీక్షలు చేయించి, హిమోగ్లోబిన్ సరిచేసి, పప్పు, గుడ్డు కంచంలోకి తెచ్చి ఆరు నెలలు చూడండి. అప్పటికీ షుగర్ అదుపులోకి రాకపోయినా, బరువు వల్ల నడవలేకపోతున్నా జనరల్ మెడిసిన్ డాక్టరును కలిసి ఇంజెక్షన్ సంగతి అడగండి. మందుల షాపులో అడిగి సొంతంగా మొదలుపెట్టవద్దు. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి, అలాంటివాళ్లకు ఈ మందులు ఇవ్వరు.